మైత్రి, భారతి ఉన్న నేల మనదేనా? 2048లో అంటార్కిటికాలో తవ్వకాలు మొదలవుతాయా?

మీరు అడిగినవి రెండు సంగతులు. మైత్రి, భారతి అనే పరిశోధన కేంద్రాలు కట్టుకున్నాం కాబట్టి అంటార్కిటికాలో మనకు భూమి ఉన్నట్టేనా అన్నది ఒకటి. 2048లో ఒప్పందం గడువు తీరి ఖనిజాల తవ్వకం మొదలవుతుందని గ్రూప్-1 నోట్సులో ఉంది, నిజమేనా అన్నది రెండోది. రెండూ తప్పే.

ముందు భూమి సంగతి. అక్కడ మనకు గుంట జాగా కూడా లేదు. మన దగ్గర భూమి తగాదా కోర్టుకెక్కితే ఉన్నది ఉన్నట్టే ఉంచమని స్టేటస్ కో ఆర్డరు ఇస్తారు కదా, 1959 డిసెంబరు 1న వాషింగ్టన్‌లో పన్నెండు దేశాలు సంతకం పెట్టిన అంటార్కిటిక్ ఒడంబడికలో 4వ అధికరణం దాదాపు అదే పని చేసింది. అప్పటికే అర్జెంటీనా, ఆస్ట్రేలియా, చిలీ, ఫ్రాన్స్, న్యూజిలాండ్, నార్వే, బ్రిటన్ ఈ ముక్క మాదంటే మాదని గీతలు గీసుకున్నాయి. ఒడంబడిక ఆ హక్కులను ఒప్పుకోలేదు, కొట్టెయ్యనూ లేదు. కొత్తగా ఎవరూ దావా వెయ్యకూడదు, పాతది పెంచుకోకూడదు అంది. అసలు మాట ఇంకొకటుంది: ఒడంబడిక అమల్లో ఉండగా అక్కడ చేసే ఏ పనీ హక్కుకు ఆధారం కాదు. మన దగ్గర పహాణీలో కబ్జా కాలమ్‌లో పేరు పడి, పన్నెండేళ్లు అనుభవంలో ఉంటే వాదించడానికి ఏదో ఒక పట్టు దొరుకుతుంది. అక్కడ అరవై ఏళ్లు కూర్చున్నా దొరకదు.

అందుకే 1989 నాటి మైత్రి నార్వే తనదనే క్వీన్ మాడ్ ల్యాండ్‌లో ఉన్నా, 2012 నాటి భారతి ఆస్ట్రేలియా తనదనే భాగంలో ఉన్నా మనం ఎవరికీ కౌలు కట్టం. ఆ నేల మనదైందనీ కాదు, వాళ్లదని మనం ఒప్పుకున్నామనీ కాదు. ఆ కేంద్రాల వల్ల మనకు దక్కింది భూమి కాదు, మాట. 1983 ఆగస్టు 19న ఒడంబడికలో చేరాం, సెప్టెంబరు 12న సంప్రదింపుల హోదా వచ్చింది. ఆ హోదా ఉన్న 29 దేశాలే నిర్ణయాలు చేస్తాయి. అదీ అందరూ ఒప్పుకుంటేనే. ఒక్క దేశం అడ్డం చెప్పినా ఆగిపోతుంది.

ఇక 2048. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. గడువు ఎలాగూ తీరిపోతుందని నమ్మితే ఆ మంచు ఖండాన్ని కాపాడాలన్న పట్టుదల ఇప్పుడే సడలిపోతుంది, అదే నా భయం. తవ్వకాలను ఆపింది 1959 ఒడంబడిక కాదు, 1991 అక్టోబరు 4న మాడ్రిడ్‌లో దానికి అనుబంధంగా కుదిరిన ఒప్పందం, పర్యావరణ ప్రోటోకాల్. దాని 7వ అధికరణం ఒకే వాక్యం: శాస్త్ర పరిశోధన తప్ప ఖనిజాలకు సంబంధించిన ఏ పనైనా నిషిద్ధం. దానికి గడువు తేదీ లేదు. అమల్లోకి వచ్చింది 1998 జనవరి 14న. 25వ అధికరణం ప్రకారం యాభై ఏళ్లు నిండాక, సంప్రదింపుల హోదా ఉన్న ఏ దేశమైనా సమీక్ష సమావేశం పెట్టమని అడగొచ్చు. 2048లో జరగగలిగేది అంతే.

అడిగినంత మాత్రాన నిషేధం పోదు. సవరణకు సభ్య దేశాల్లో మెజారిటీ కావాలి. ఆ మెజారిటీలో ప్రోటోకాల్ కుదిరిన నాటి 26 సంప్రదింపుల దేశాల్లో మూడొంతులు, అంటే నాలుగింట మూడు వంతులు ఉండాలి. అది నెగ్గాక అమల్లోకి రావాలంటే ఆ 26 దేశాలూ, ఒక్కటి కూడా తప్పకుండా, ఆమోద ముద్ర వెయ్యాలి. ఆ 26లో భారత్ ఉంది. పైగా నిషేధం ఎత్తెయ్యాలంటే తవ్వకాలను కట్టుదిట్టం చేసే వేరే చట్టం ముందే సిద్ధంగా ఉండాలి. సందు ఒక్కటే ఉంది: నిషేధాన్ని మార్చే సవరణ నెగ్గి, మూడేళ్లలో అమల్లోకి రాకపోతే, ఏ దేశమైనా నోటీసిచ్చి రెండేళ్ల తర్వాత బయటికి పోవచ్చు. భయపడాల్సింది దానికి, 2048 అనే అంకెకు కాదు.

పరిశోధన పేరుతో బోర్లు వేస్తున్నారు కదా, రేపు అవే గనులవుతాయి అని కూడా మీరు రాశారు. అమ్రాబాద్ వైపు వాళ్లకు ఆ అనుమానం రావడం సహజం. నల్లమలలో యురేనియం తవ్వకాల గొడవ, వాటికి వ్యతిరేకంగా 2019 సెప్టెంబరులో మన శాసనసభ చేసిన తీర్మానం అందరికీ గుర్తే. కానీ అంటార్కిటికాలో చాలా బోర్లు దిగేది రాతిలోకి కాదు, మంచులోకి. మన రాతి బోరులో పైన మట్టి ఉన్నంతవరకు కేసింగ్ దించితే చాలు, కింద గ్రానైట్ గోడ దానంతటదే నిలబడుతుంది. మంచు నిలబడదు, మైనం లాగా మెల్లగా జారి బోరును మూసేస్తుంది. అందుకని మంచంత బరువుండే, గడ్డకట్టని ద్రవంతో బోరును నింపి ఉంచుతారు. మంచు పొట్టును ఎప్పటికప్పుడు పైకి తియ్యకపోతే డ్రిల్లు పట్టేస్తుంది. అంటార్కిటికా లోపలి మంచు పీఠభూమి మీద డోమ్ సి అనే చోట మొదటి బోరులో డ్రిల్లు 788 మీటర్ల దగ్గర ఇరుక్కుపోయి, పక్కన మళ్లీ మొదటి నుంచి వెయ్యాల్సొచ్చింది. ఆ రెండో బోరు 3,270 మీటర్లు దిగింది. అందులో తీసిన జానెడు కూడా వెడల్పు లేని మంచు కడ్డీల్లో 8 లక్షల ఏళ్ల నాటి గాలి బుడగలున్నాయి. అలాగని ఆ ఖండంలో ఖనిజాలు లేవని కాదు. మన సింగరేణి బొగ్గు ఏర్పడిన కాలం నాటి బొగ్గు పొరలు ట్రాన్స్ అంటార్కిటిక్ పర్వతాల్లోనూ ఉన్నాయి, అప్పుడు రెండూ గోండ్వానా అనే పాత మహాఖండంలోవే.

పరీక్షలో పటం గీస్తే గోడ పటంలో అడుగున కనిపించే తెల్ల పట్టీ గీయకండి. దక్షిణ ధ్రువాన్ని నడిమిట్ల పెట్టి, బయట 60 డిగ్రీల దక్షిణ అక్షాంశాన్ని వలయంగా గీయండి, ఒడంబడిక హద్దు అదే. లోపలి నేల సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలాంటివి నూట ఇరవైకి పైనే పడతాయి. పశ్చిమ రేఖాంశం 53 నుంచి 74 దాకా అర్జెంటీనా, చిలీ, బ్రిటన్ ముగ్గురూ తమదే అంటారు, అక్కడ మూడు గీతలు ఒకదాని మీద ఒకటి పడాలి. 90 నుంచి 150 పశ్చిమం దాకా ఎవరూ అడగలేదు, ఖాళీగా వదలండి. మైత్రి 11 డిగ్రీల తూర్పున, భారతి 76 డిగ్రీల తూర్పున వస్తాయి. చాలామంది రెంటినీ పక్కపక్కన పెట్టి మార్కులు పోగొట్టుకుంటారు.