‘హార్డ్‌లీ’ చదివితే బ్యాండ్ రాదమ్మా!

ప్రశ్న: మేడమ్ గారూ, నేను విజయవాడలో, బ్యాండ్ల పేరుతో స్కోరు ఇచ్చే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌కి వెళ్తున్నాను. మాక్ స్పీకింగ్‌లో ‘ఐ స్టడీ హార్డ్‌లీ ఎవ్రీ డే’ అన్నాను. సార్ నవ్వి ఊరుకున్నారు. స్లోకి స్లోలీ, క్విక్‌కి క్విక్లీ అయినప్పుడు హార్డ్‌కి హార్డ్‌లీ ఎందుకు కాదు? బ్యాంకు పరీక్షలకు చదివే మా తమ్ముడి పుస్తకంలోనూ ఈ మాట తెగ కనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, పటమట

జవాబు: మీ సార్ చెప్పి నవ్వాల్సింది. హార్డ్‌లీ అంటే ‘దాదాపు లేనట్టే’ అని. ‘నా చదువు అంతంతమాత్రం’ అని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు మరి! హార్డ్‌కి లీ తగిలించక్కర్లేదు, క్రియ పక్కన కూడా అలాగే నడుస్తుంది. మా గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు ‘వర్క్ హార్డ్’. ‘హార్డ్‌లీ వర్క్’ అన్నావంటే బస్తాల మీద కునుకు తీస్తున్నారని అర్థం. పాతకాలపు ఇంగ్లిష్‌లో హార్డ్‌లీకి ‘గట్టిగా’ అనే అర్థం ఉండేది. అంటే నీ ఊహ తప్పు కాదు, కొన్ని వందల ఏళ్లు ఆలస్యమైందంతే.

అర్థం తెలిశాక కూడా బ్రాడీపేటలో నా దగ్గరికొచ్చే పిల్లలు ఇంకోచోట జారతారు. ‘అన్నయ్య ఎప్పుడో గానీ ఫోన్ చెయ్యడు’ అంటాం కదా. తెలుగులో క్రియకి ‘చెయ్యడు’ అని వ్యతిరేకం పడాల్సిందే. ఆ అలవాటుకొద్దీ ‘హార్డ్‌లీ డజంట్ కాల్’ అని రాసేస్తారు. హార్డ్‌లీలోనే ‘లేదు’ ఉంది, మళ్లీ నాట్ ఎందుకు? ‘మై బ్రదర్ హార్డ్‌లీ ఎవర్ కాల్స్ మీ’ చాలు. మే నెల మిట్టమధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో ‘దేర్ ఈజ్ హార్డ్‌లీ ఎనీవన్’. నోబడీ అనకూడదు. కెన్, హ్యాజ్ లాంటివి ఉంటే వాటి తర్వాతే ఇది రావాలి: ‘ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యూ’. బెంజ్ సర్కిల్‌లో నిలబడి ఫోనెత్తి చూడు, ఈ వాక్యం దానంతటదే వస్తుంది.

మీ తమ్ముడి పుస్తకంలోది వేరే సరుకు. ‘హార్డ్‌లీ హ్యాడ్ ఐ రీచ్డ్ ద స్టేషన్ వెన్ ద ట్రైన్ లెఫ్ట్’ – స్టేషన్‌కి చేరానో లేదో రైలు వెళ్లిపోయింది. హార్డ్‌లీకి జత వెన్, నో సూనర్‌కి జత దాన్. తప్పు పట్టమనే ప్రశ్నల్లో ఈ రెండింటినీ తారుమారు చేసి ఇస్తారు. హార్డ్‌లీ ముందుకొస్తే హ్యాడ్ కూడా కర్తని దాటి ముందుకి రావాలి, అక్కడ కూడా ఓ కన్నేసి ఉంచమను. నువ్వు మాత్రం స్పీకింగ్‌లో దాని జోలికి పోకు. 11 నుంచి 14 నిమిషాల మామూలు కబుర్ల మధ్య అది బట్టీ పట్టి తెచ్చినట్టు వినిపిస్తుంది. అక్కడ వ్యాకరణానికి ఎంత విలువో, ధారాళంగా మాట్లాడటానికీ అంతే విలువ.

మీ తమ్ముడికి ఇంకోటి చెప్పు: వాక్యం చివర ‘కదా’ అని అడగాలంటే ‘హి హార్డ్‌లీ స్పీక్స్, డజ్ హి?’ అనాలి, ‘డజంట్ హి’ కాదు. లేట్, లేట్లీ కూడా ఇదే బాపతు. క్లాసుకి ఆలస్యంగా వెళ్లి ‘ఐ కేమ్ లేట్లీ’ అనేవు, మీ సార్ మళ్లీ నవ్వుతారు. లేట్లీ అంటే ఈమధ్య అని.