పాత క్వారీలో పక్షులను చూడవచ్చా?

ప్రశ్న: మా ఊరి పక్కన పని ఆగిపోయిన గ్రానైట్ క్వారీలో నీళ్లు నిలిచి, పక్షులు చేరుతున్నాయి. పిల్లలతో వెళ్లి చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: చూడవచ్చునమ్మా, కానీ అనుమతి తీసుకొని, అంచుకు దూరంగా నిలబడి మాత్రమే చూడండి. ‘టాన్ బ్రౌన్’ రాయి కోసం మీ జిల్లాలో తవ్విన గుంతలకు చెరువుకున్నట్లు ఏటవాలు ఒడ్డు ఉండదు. రాతిని దిమ్మెలుగా నిలువునా కోసినందువల్ల మొదటి అడుగులోనే లోతు మొదలై, ఈత వచ్చినవారికి కూడా పైకెక్కడానికి పట్టు దొరకదు. పిల్లలను నీటిలోకి అసలు దిగనివ్వకండి.

ఆ నిలువు గోడలే పక్షులకు రక్షణ. డ్రిల్లింగ్ గాడులు బారులు తీరిన రాతి అరల మీద, చలికాలం నుంచి వేసవి మొదలయ్యే వరకు, తలపై కొమ్ముల్లాంటి ఈకలున్న పెద్ద గుడ్లగూబ గూడు కట్టకుండా వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. మనుషులు దగ్గరకు వెళితే తల్లి లేచిపోయి గుడ్లు ఎండకు గురవుతాయి గనుక, బైనాక్యులర్‌తో దూరం నుంచే చూడటం మంచిది. గోడకు పెద్ద తేనెపట్టు కనిపిస్తే పొగ పెట్టకండి, వెంటనే వెనుదిరగండి.

గురుగ్రామ్‌లోని ఆరావళి జీవవైవిధ్య ఉద్యానం కూడా ఒకప్పటి గనుల నేలే. స్థానిక మొక్కలు నాటి దానిని మళ్లీ అడవిగా మార్చారు. మీ క్వారీలో చెత్త పోయకుండా ఆపాలని ముందుగా గ్రామసభలో అడగండి.