పొల్తావా ఎలాంటి ప్రాంతం? అక్కడ చదువుకున్న మనిషిగా నా జవాబు

"ఉక్రెయిన్ మధ్యలో ఉన్న పొల్తావా అంటే 1709 నాటి యుద్ధం ఒక్కటే తెలుసు, ఆ ప్రాంతం అసలు ఎలా ఉంటుంది, దాని చరిత్రేమిటి" అని అడిగారు. నేను మెడిసిన్ చదివింది ఆ ఊళ్ళోనే. కాబట్టి చూసిందీ, అక్కడి మ్యూజియాల్లో, మనుషుల దగ్గర తెలుసుకున్నదీ కలిపి చెప్తాను. యుద్ధం దగ్గర మొదలుపెడితే మాత్రం పొల్తావా అర్థం కాదండి. మట్టి దగ్గర మొదలుపెట్టాలి.

సెలవుల్లో ఒకసారి క్లాస్‌మేట్ వాళ్ళ ఊరికి వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు పెరట్లో బంగాళదుంపలు తవ్వుతున్నారు. పార దిగినంత లోతూ ఒకటే నలుపు. నేను గుంటూరు వైపు పల్లెలో పెరిగాను, నల్లరేగడి నాకు కొత్త కాదు. కానీ మన రేగడి తడిస్తే కాళ్ళకి బంకలా పట్టుకుంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆ మట్టి చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. వేల ఏళ్ళపాటు గడ్డి పెరిగి, ఆ వేర్లు కుళ్ళి కుళ్ళి తయారైన నేల అది. చెర్నోజెమ్ అంటారు. కొన్నిచోట్ల మీటరు లోతుకు పైగా ఉంటుంది. గోధుమ, మొక్కజొన్న, షుగర్ బీట్, పొద్దుతిరుగుడు అన్నీ పండుతాయి. 2022లో మన ఇళ్ళల్లో సన్‌ఫ్లవర్ ఆయిల్ ధర ఒక్కసారిగా ఎందుకు పెరిగిందో గుర్తుందా? అప్పటిదాకా మనకి ఆ నూనె అందరికంటే ఎక్కువగా పంపింది ఉక్రెయినే. ఆ పంట పండే నేలల్లో ఇదీ ఒకటి.

ఊరి పేరే ప్రాంతానికీ పేరు. ప్రాంతం విస్తీర్ణం దాదాపు 28,750 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో నాలుగో వంతు. 2022 యుద్ధానికి ముందు జనాభా 14 లక్షల లోపే. కొండలనేవి లేవు. ఈశాన్యం నుంచి నైరుతికి సూలా, ప్సేల్, వోర్‌స్క్లా అనే నదులు పారి ద్నీపర్ అనే పెద్ద నదిలో కలుస్తాయి. ఈ నదుల కుడి గట్టు నిట్టనిలువుగా లేచి ఉంటుంది, ఎడమ గట్టు పల్లంగా, చిత్తడిగా ఉంటుంది. అందుకే పొల్తావా, లుబ్నీ లాంటి పాత ఊళ్ళు కుడి గట్టున కట్టుకున్నారు. పొల్తావాలో ఇవానోవా హోరా అనే గుట్ట చివర తెల్లటి స్తంభాల మండపం ఉంది. అక్కడ నిలబడితే కింద వోర్‌స్క్లా లోయ, రైలు పట్టాలు, ఆ వెనక చూపు ఆనినంత దూరం చదునే. పరీక్షల టెన్షన్ ఎక్కువైనప్పుడల్లా అక్కడికే వెళ్ళేవాళ్ళం. శత్రువు వస్తే ఆపడానికి గుట్ట అంచు తప్ప ఇంకేమీ లేదని అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

నేల కింద కూడా సంపదే. ఉక్రెయిన్‌లో సహజవాయువు ఎక్కువగా తీసేది ఖార్కివ్, పొల్తావా ప్రాంతాల్లోనే. ద్నీపర్ ఒడ్డున క్రెమెన్‌చుక్‌లో ఆయిల్ రిఫైనరీ, దాని పక్కనే హొరిష్ని ప్లావ్ని దగ్గర ఇనుప ఖనిజం గనులు ఉన్నాయి.

పంటా ఉంది, అడ్డంకీ లేదు. ఇక అందరూ వచ్చారు. బిల్స్క్ అనే ఊరి దగ్గర సిథియన్లు అనే పురాతన గుర్రపు తెగల కాలం నాటి మట్టికోట ఉంది, దాని గోడల చుట్టుకొలత 30 కిలోమీటర్లు దాటుతుంది. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన గెలోనస్ నగరం ఇదేనని కొందరు పురావస్తు పండితుల వాదన. 1399లో లిథువేనియా రాజు వితౌతాస్ సైన్యాన్ని గోల్డెన్ హోర్డ్ అనే మంగోల్ రాజ్యపు తాతార్లు ఓడించింది వోర్‌స్క్లా ఒడ్డునే. ఆ తర్వాత ఇది కోసాక్కులనే గుర్రపు యోధుల రాజ్యం. పొల్తావా, మిర్‌హొరొద్, లుబ్నీ అప్పట్లో రెజిమెంట్ల పేర్లూ, జిల్లాల పేర్లూ కూడా.

మీరడిగిన 1709కి వద్దాం. స్వీడన్ రాజు 12వ చార్లెస్ మాస్కో వైపు వెళ్తూ వెళ్తూ దక్షిణానికి తిరిగాడు. ముఖ్య కారణం తిండి. రష్యన్లు దారిలో దొరికేవన్నీ తగలబెట్టేశారు, ఉక్రెయిన్‌లో ధాన్యం ఉంది, పైగా కోసాక్కుల నాయకుడు ఇవాన్ మజేపా ఆయనతో చేతులు కలిపాడు. కానీ ఆ చలికాలం యూరప్ అంతా గడ్డకట్టిపోయింది, వేలమంది స్వీడిష్ సైనికులు చలికే పోయారు. పొల్తావా కోటని ముట్టడించినా లొంగలేదు. యుద్ధానికి కొద్దిరోజుల ముందు చార్లెస్ కాలికి తూటా తగిలింది, జులై 8న ఆయన్ని స్ట్రెచర్ మీద మోసుకుంటూ యుద్ధం చేశారు. గెలుపు రష్యా జారు (చక్రవర్తి) పీటర్‌ది. స్వీడన్ పెద్ద శక్తిగా వెలిగిన కాలం అక్కడితో అయిపోయింది. పుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. పొల్తావా జనానికి అసలు కథ ఆ తర్వాత మొదలైంది: కోసాక్కుల స్వపరిపాలన కొంచెం కొంచెంగా పోయి, ఆ శతాబ్దం చివరికి పూర్తిగా రద్దయింది.

నాకు ఈ ఊరి చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైనది 1903 నాటి సంఘటన. పొల్తావాలో పుట్టిన ఇవాన్ కొత్ల్యారెవ్‌స్కీ రోమన్ కవి వర్జిల్ కావ్యాన్ని కోసాక్కుల కథగా మార్చి, జనం మాట్లాడే ఉక్రేనియన్‌లో రాశాడు. అది 1798లో అచ్చయింది. ఆధునిక ఉక్రేనియన్ సాహిత్యం అక్కడినుంచే లెక్క. 1903లో ఆయన విగ్రహం పెట్టారు. అప్పుడు పాలిస్తున్న రష్యా జారు ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది: ఆస్ట్రియా పాలనలోని గలీషియా నుంచి వచ్చిన అతిథులు ఉక్రేనియన్‌లో మాట్లాడవచ్చు, జారు ప్రజలు మాట్లాడకూడదు! ఉక్రేనియన్‌లో రాసిన కవి సభలో, ఆయన సొంత ఊళ్ళో. మికోలా మిఖ్నోవ్‌స్కీ అనే లాయరు తన సందేశం కాగితం తీసేసుకుని, ఉత్తి అట్టని మాత్రం వేదిక మీద ఇచ్చి నిరసన తెలిపాడు.

అదే ఏడాది ఊళ్ళో ఇంకో పని మొదలైంది. జెమ్‌స్త్వో, అంటే స్థానిక పాలనా మండలి, తన భవనాన్ని కట్టే పని వాసిల్ క్రిచెవ్‌స్కీకి అప్పగించింది. 1908కి పూర్తయింది. భాష మీద ఆంక్షలున్న రోజుల్లో ఆయన ఉక్రెయిన్ పల్లెల శైలిని పెద్ద ప్రభుత్వ భవనం మీదికి ఎక్కించాడు. కిటికీలూ తలుపులూ పై మూలలు కోసినట్టు ఆరు పలకలుగా ఉంటాయి, గోడల నిండా రంగురంగుల మెరుగు పెంకులు, వాటి మధ్య జిల్లాల చిహ్నాలు. ఇప్పుడది మ్యూజియం. ఎవరైనా ఊరికి వచ్చినప్పుడు నేను ముందు అక్కడికే తీసుకెళ్ళేవాణ్ణి.

1932-33 గురించి రాయడం కష్టంగా ఉంటుంది, కానీ రాయకపోతే తప్పు. అప్పటికి పొల్తావా విడి ప్రాంతం కాదు (1937లో ఏర్పడింది), ఖార్కివ్ కింద ఉండేది. స్టాలిన్ ప్రభుత్వం ధాన్యం కోటా పేరుతో గింజలన్నీ ఊడ్చుకుపోయింది. కోటా ఇవ్వలేని ఊళ్ళని 'నల్ల బోర్డు' ఎక్కించేవారు. 1932 డిసెంబర్ 6న ఎక్కించిన మొదటి ఆరు ఊళ్ళలో ల్యుతెంకి, కమ్యాని పొతోకి రెండూ ఈ ప్రాంతానివే. ఆ జాబితాలో పడితే ఊళ్ళోకి సరుకులు రావు, కొట్లు మూతపడతాయి, కొనడం అమ్మడం నిషేధం. ప్రపంచంలోనే మేలైన నేల మీద జనం తిండిలేక లక్షల్లో చనిపోయారు. నేను అద్దెకున్న ఇంటావిడ తల్లిది ల్యుతెంకి దగ్గర పల్లె. ఆవిడ ఆ సంగతులు ఎక్కువ చెప్పేది కాదు. నవంబర్ నాలుగో శనివారం సాయంత్రం మాత్రం కిటికీలో కొవ్వొత్తి పెట్టేది. ఆ రోజు దేశమంతా పెడతారు.

ఇంకో పదేళ్ళు కాకుండానే జర్మన్లు వచ్చారు. 1941 సెప్టెంబర్‌లో వాళ్ళ రెండు ట్యాంకు సేనలు లోఖ్‌విత్స్యా దగ్గర కలిసి కీవ్ చుట్టూ ఉన్న సోవియట్ సైన్యాల్ని చుట్టేశాయి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: 1944లో పొల్తావా, మిర్‌హొరొద్‌లలో అమెరికా బాంబర్లు, పిర్యాతిన్‌లో వాటికి కాపలాగా వచ్చే ఫైటర్ విమానాలు దిగేవి. జూన్‌లో ఒక రాత్రి జర్మన్ విమానాలు దాడిచేసి పొల్తావాలో నలభైకి పైగా బి-17 బాంబర్లను నేలమీదే కాల్చేశాయి.

మనవాళ్ళకి ఈ పేరు 2022 మార్చిలో మళ్ళీ వినిపించింది. ఉక్రెయిన్‌లోని సుమీ నగరంలో ఇరుక్కుపోయిన దాదాపు 700 మంది భారతీయ విద్యార్థుల్ని బస్సుల్లో పొల్తావాకి తెచ్చి, అక్కడ రైలెక్కించి పశ్చిమానికి పంపారు. మా బంధువుల పిల్ల ఆ బస్సుల్లో ఒకదాంట్లో ఉంది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి స్టేషన్ చుట్టుపక్కల ఏముంటుందని అడుగుతుంటే, నా కళ్ళముందు ఆ ప్లాట్‌ఫామే కనిపించింది. ఆ తర్వాత దాడులు ఈ ప్రాంతాన్నీ వదల్లేదు. 2022 జూన్ 27న క్రెమెన్‌చుక్‌లో జనమున్న షాపింగ్ మాల్ మీద క్షిపణి పడింది. 2024 సెప్టెంబర్ 3న పొల్తావాలోనే మిలిటరీ కమ్యూనికేషన్స్ ఇన్‌స్టిట్యూట్ మీద పడ్డవాటికి 50 మందికి పైగా పోయారు.

కాబట్టి ఇప్పుడు వెళ్ళమని చెప్పను. శాంతి కుదిరాక వెళ్ళేవాళ్ళు కీవ్ నుంచి ఖార్కివ్ వెళ్ళే ఇంటర్‌సిటీ రైలెక్కి మధ్యలో దిగొచ్చు. ఊళ్ళో రెండు స్టేషన్లున్నాయి, టికెట్ మీద 'కీవ్‌స్కా'నా 'పివ్దెన్నా'నా చూసుకోండి. ఇంకో రోజు మిగిలితే బస్సులో ఒపిష్న్యా వెళ్ళండి, కుమ్మరిపనికి దేశంలోనే పేరున్న ఊరు, అక్కడ జాతీయ మ్యూజియం కూడా ఉంది.