కంపెనీ బీమా ఉండగా సొంత పాలసీ ఎందుకు?

ప్రశ్న: మా కార్యాలయంలో అందరికీ గ్రూప్ ఆరోగ్య బీమా ఉంది. విడిగా మరో పాలసీ దండగ అని సహోద్యోగులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: దండగ కాదు. గ్రూప్ బీమాలో ప్రీమియం భారం చాలావరకు యాజమాన్యమే మోయడం మంచి సౌకర్యమే అయినా, ఆ రక్షణ సాధారణంగా ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. అప్పటికి మధుమేహమో రక్తపోటో వచ్చి ఉంటే, కొత్త పాలసీకి ప్రీమియం పెరగవచ్చు, లేదా ఆ జబ్బుకు కొంతకాలం క్లెయిము వర్తించకపోవచ్చు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడే చిన్న మొత్తానికైనా సొంత పాలసీ తీసుకోవడం మేలు.

ఇక, ఎవరూ తెరవని ఆ గ్రూప్ పాలసీ పత్రాన్ని ఒకసారి చదవండి. క్లెయిములో 20 శాతం ఉద్యోగే భరించాలన్న నిబంధన ఉంటే, లక్ష బిల్లులో 20 వేలు మీ చేతి నుంచే పోతాయి. దానికి పొదుపులో విడిగా కొంత సొమ్ము ఉంచుకోండి.