‘ఉన్నదున్నట్టుగా’ అని సంతకం పెట్టించుకుంటే సరిపోతుందా?

ప్రశ్న: ఏడాదిగా స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు, సామాను, స్ట్రోలరు అన్నీ పట్టాలని గత నెల ఒక ఆన్‌లైన్ ప్రకటన చూసి 2005 మోడల్ వోల్వో వి70 వ్యాగన్ కొన్నాను. పెట్రోల్, ఆటోమేటిక్, 32,000 క్రోనార్లు. ‘కామ్‌రెమ్ (ఇంజన్లోని టైమింగ్ బెల్టు) మార్చాం, ఏ ఇబ్బందీ లేదు’ అని ప్రకటనలో ఉంది. అమ్మకం కాగితం మీద మాత్రం ‘బెఫింట్లిట్ షిక్’ (ఉన్నదున్నట్టుగా) అని రాసి సంతకం పెట్టించుకున్నారు. ఇరవై రోజులకి గేరు మారేటప్పుడు కుదుపు మొదలైంది. మెకానిక్ కవరు విప్పి చూసి, టైమింగ్ బెల్టు మార్చిన జాడే లేదు, అంచులు పగిలి ఉన్నాయి అన్నాడు. అమ్మినాయన్ని అడిగితే ‘మీరే నడిపి చూసుకున్నారు, సంతకమూ చేశారు’ అంటున్నారు. రిజిస్ట్రేషన్‌లో వేరే పేరుంటే ‘ఫ్రెండు కారు’ అన్నారు. వాళ్లింటి ముందు అమ్మకానికి మరో మూడు కార్లున్నాయి. కారు తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చా? వినియోగదారుల తగాదాలు చూసే జాతీయ బోర్డు ఏఆర్‌ఎన్‌కి వెళ్లొచ్చా?

జవాబు: మీరు చివర్లో మాటవరసకి రాసిన ఆ మూడు కార్ల దగ్గరే నేను మొదలుపెడతాను. మీ తగాదా ఏ చట్టం కిందికొస్తుందో తేల్చేది అదే. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకమైతే 1990 నాటి కొనుగోలు చట్టం, ఇక్కడివాళ్ల మాటలో షోప్‌లాగెన్, వర్తిస్తుంది. అమ్మింది వ్యాపారి అయితే 2022 మే 1న అమల్లోకి వచ్చిన వినియోగదారుల కొనుగోలు చట్టం వర్తిస్తుంది. వ్యాపారి అనడానికి బోర్డూ షోరూమూ ఉండక్కర్లేదు. లాభం కోసం వరసగా కార్లు కొని అమ్ముతున్నట్టు చూపగలిగితే చాలు. స్నేహితుడి కారే అయినా, వ్యాపారం చేసే మనిషి మధ్యవర్తిగా ఉండి అమ్మిపెడితే ఆయనా జవాబు చెప్పాల్సిందే.

కాబట్టి ఇవాళే కూర్చుని ఆయన ఫోను నంబరుతో ఇంకెన్ని కార్ల ప్రకటనలున్నాయో వెతికి, కనబడినవన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీ కారు ప్రకటన కాపీ నాకు పంపారు, మంచి పని చేశారు. కారు అమ్ముడవగానే ప్రకటన మాయమవుతుంది, చాలామంది అప్పుడు లబోదిబోమంటారు.

ఆయన వ్యాపారి అని తేలితే మీ పని చాలా తేలిక. లోపం గురించి మూడేళ్ల వరకూ అడగొచ్చు. మొదటి రెండేళ్లలో బయటపడ్డ లోపం కొన్న రోజే ఉందని చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది ఆయన. అయితే లోపం స్వభావాన్ని బట్టి దీనికి మినహాయింపు ఉంది. ఇరవయ్యేళ్ల కారులో మామూలు అరుగుదలకి ఈ సూత్రం మిమ్మల్ని పెద్దగా ఆదుకోదు. ‘ఉన్నదున్నట్టుగా’ అనే గంపగుత్త మాట కూడా వ్యాపారిని కాపాడదు. ఏఆర్‌ఎన్ తలుపు మీకు తెరుచుకునేది కూడా ఈ సందర్భంలోనే. అక్కడ ఫీజు లేదు. ముందు వ్యాపారికి ఫిర్యాదు చేసి, ఆయన కాదన్నాక, ఆ ఫిర్యాదు చేసిన ఏడాదిలోపు వెళ్లాలి. వాళ్లిచ్చేది సిఫారసే, కోర్టు తీర్పు కాదు. ఇద్దరు ప్రైవేటు మనుషుల తగాదా అయితే ఏఆర్‌ఎన్ అసలు ముట్టుకోదు.

ఇప్పుడు కాస్త కష్టమైన దారి చూద్దాం. ఆయన నిజంగా ప్రైవేటు మనిషే అనుకోండి. అప్పుడు కూడా ‘బెఫింట్లిట్ షిక్’, అంటే ఉన్న స్థితిలో ఉన్నట్టు, అన్న రెండు మాటలు ఆయనకి కవచం కావు. షోప్‌లాగెన్ 19వ సెక్షన్ మూడు సందర్భాల్లో ఆ రాతని పక్కన పెట్టేస్తుంది. అమ్మినవారు చెప్పిన సమాచారానికి వస్తువు సరిపోలకపోవడం ఒకటి. తనకి తెలిసి ఉండాల్సిన ముఖ్యమైన సంగతి దాచడం, ఆ దాపరికం వల్లే కొనుగోలు జరగడం రెండోది. ఇచ్చిన ధరకీ మిగతా పరిస్థితులకీ కొన్నవారు అనుకోదగ్గ స్థితి కంటే వస్తువు గణనీయంగా హీనంగా ఉండటం మూడోది.

మీ టైమింగ్ బెల్టు మొదటిదాంట్లో సూటిగా పడుతుంది. ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్నది అమ్మకపు ఊకదంపుడు, దాన్ని పట్టుకుని ఎక్కువ దూరం వెళ్లలేం. ‘కామ్‌రెమ్ మార్చాం’ అన్నది వేరు. అది అవునో కాదో తేల్చగలిగిన మాట, ధరని ప్రభావితం చేసే మాట. ఈ ఇంజన్లలో బెల్టు తెగితే వాల్వులు పోయి పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇంత పాత కారుకి ఇక ఇంజనే పోయినట్టు. అందుకే పాత వోల్వో కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అది, అమ్మేవాళ్లు ప్రకటనలో రాసే మొదటి మాటా అదే.

‘నడిపి చూసుకున్నారు కదా’ అన్న వాదన 20వ సెక్షన్ నుంచి వచ్చింది. కొనేముందు పరీక్షించినవారు అప్పుడు కనిపెట్టి ఉండాల్సిన లోపాన్ని తర్వాత ఎత్తకూడదు. ప్లాస్టిక్ కవరు కింద ఉన్న బెల్టు రోడ్డు మీద పదిహేను నిమిషాల చక్కర్లో కనబడదు. పైగా ఫలానాది మార్చామని ఆయనే స్పష్టంగా చెప్పాక, దాన్ని మళ్లీ విప్పి చూడాల్సిన బాధ్యత మీ మీద ఉండదు. మెకానిక్ దగ్గర తేదీ వేసిన రాతపూర్వక రిపోర్టు, ఆ పగుళ్ల ఫొటోలు తీసుకోండి. బెల్టు మార్చిన బిల్లు చూపించమని ఆయన్ని అడగండి.

గేర్‌బాక్సు సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. అక్కడ మీకు బలం తక్కువ. ప్రకటనలో 29,800 మిల్ అని ఉంది. స్వీడన్‌లో ఒక మిల్ అంటే పది కిలోమీటర్లు. అంటే దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు. (దాన్ని 29,800 కిలోమీటర్లనుకుని సంబరపడి కొన్నవాళ్లు కూడా నాకు ఉత్తరాలు రాశారు. మీరు ఆ కోవలో లేరనుకుంటాను.) అంత తిరిగిన ఆటోమేటిక్ కుదుపుతుందంటే కోర్టు పెద్దగా ఆశ్చర్యపోదు. కొన్న రోజుకే ఆ జబ్బుందనీ ఆయనకి తెలుసనీ చూపగలిగితే తప్ప దాని మీద పట్టుబట్టకండి. బెసిక్ట్‌నింగ్ (వాహన తనిఖీ) పాసయిందన్న కాగితం కూడా ఇక్కడ పనికిరాదు. ఆ తనిఖీ భద్రత, పొగ చూస్తుంది, గేరు మెత్తగా పడుతోందా లేదా చూడదు.

ఇక కారు తిరిగిచ్చేయడం. ప్రైవేటు అమ్మకం రద్దు కావాలంటే లోపం మీకు చాలా ముఖ్యమైనదై ఉండాలి, ఆ సంగతి అమ్మినవారు గ్రహించి ఉండాల్సినదై ఉండాలి. మార్పిస్తే సరిపోయే బెల్టుకి ఆ గీత దాటడం కష్టం. ధర తగ్గింపు అడగండి. ఇందులో ఖర్చుల లెక్క కూడా ఉంది. ఒక హద్దు (2025లో అది 29,400 క్రోనార్లు) దాటని క్లెయిమ్ అయితే చిన్న కేసు కింద నడుస్తుంది, ఓడినా ఎదుటివాళ్ల లాయరు ఖర్చు మొత్తం మీ నెత్తిన పడదు. 32,000 మొత్తం వెనక్కి కావాలంటే ఆ రక్షణ పోతుంది.

కారు మీద పాత యజమాని కట్టని వాహన పన్ను ఉందేమో రవాణా శాఖ ట్రాన్స్‌పోర్ట్‌స్టిరెల్‌సెన్‌లో కారు నంబరు కొట్టి చూడండి. బకాయి వల్ల పడిన వాడకం నిషేధం పేరు మారినా కారుతోనే వస్తుంది.

ఈ వారంలోనే ఆయనకి ఈమెయిలో మెసేజో పంపండి. ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతుంది. ఏ తేదీన కొన్నారు, ప్రకటనలో బెల్టు గురించి ఏమని ఉంది, మెకానిక్ ఏం కనిపెట్టాడు, అది లోపమని మీరు ఫిర్యాదు చేస్తున్నారు, ఎంత కోరుతున్నారు, ఏ తేదీలోగా జవాబివ్వాలి. అంతే, తిట్లు వద్దు. లోపం తెలిశాక సహేతుకమైన సమయంలో చెప్పకపోతే హక్కే పోతుంది. ప్రైవేటు అమ్మకానికి రెండేళ్ల గడువు ఉందిగా అని కూర్చోకండి, అది ఆఖరి హద్దు మాత్రమే. సొంత ఖర్చుతో బాగుచేసే అవకాశం ఆయనకీ ఉంది కనక, జవాబు రాకుండా మీరు బెల్టు మార్పించకండి. ఈలోపు పిల్లల్ని బస్సులో పంపండి. పగిలిన బెల్టని తెలిశాక కూడా నడిపి అది తెగితే, ఆ ఇంజను నష్టాన్ని ఆయన ఖాతాలో వేయడం నా వల్ల కూడా కాదు.