సాయం సరుకు విదేశీ రేవులో ఆగిపోతే: సమాధానం
విపత్తు వచ్చిన మరో దేశానికి ఓడలో పంపిన సాయంలో కొంత అక్కడి రేవులోనే ఆగిపోయింది, ఎందుకు, ఏం చేయాలి అన్నది ప్రశ్న. ప్రభుత్వ సామగ్రి విడుదలై, దాంతో వెళ్లిన కంపెనీల, సంఘాల విరాళాలు మాత్రం రేవులో ఆగాయంటే చాలావరకు కారణం ఒకటే: అక్కడ సరుకు అందుకునేవారు (గ్రహీత) ఖరారు కాలేదు.

1. ముందు ఆగినదాన్ని విడిపించండి, డెమరేజ్ (సరుకు గడువు దాటి రేవులో ఉంటే కట్టాల్సిన రుసుము) రోజురోజుకీ పెరుగుతుంది. రాయబార కార్యాలయం ద్వారా అక్కడి విపత్తు నిర్వహణ సంస్థను గ్రహీతగా ఒప్పించి, షిప్పింగ్ లైన్‌తో బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఏమిటో, ఎవరికి అందాలో తెలిపే ఓడ రవాణా పత్రం) సవరించండి.

2. ఇకపై ఓడ ఎక్కించకముందే గ్రహీత రాతపూర్వక అంగీకారం తీసుకోండి. అందరూ వదిలేసేది ఇదే. "విపత్తు బాధితులకు" అని రాస్తే కస్టమ్స్ ఎవరికి అప్పగించాలి? సుంకం మినహాయింపుకు దరఖాస్తు పెట్టేదీ సాధారణంగా గ్రహీతే. అంగీకార పత్రంలోనూ బిల్ ఆఫ్ లేడింగ్‌లోనూ గ్రహీత పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

3. మందులు, దుప్పట్లు ఒకే కంటైనర్‌లో వద్దు. మందుల అనుమతి రాకపోతే దుప్పట్లూ ఆగుతాయి. మందులు చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలుండాలి.