చిన్నప్పుడు హాస్టల్లో జరిగిన అఘాయిత్యానికి ఇప్పుడు వైద్యం, పరిహారం దొరుకుతాయా?

గుణుపురం నుంచి అడిగిన చెల్లెమ్మకి,

మీ తమ్ముడు 2014లో ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. అక్కడి ఉద్యోగి ఒకడు అతని మీద అఘాయిత్యం చేశాడు. ఇప్పుడు విశాఖలో పని చేసుకుంటున్నా రాత్రిళ్ళు నిద్ర లేదు, ఉలిక్కిపడి లేస్తున్నాడు. ఇన్నేళ్ళయ్యాక కేసు పెట్టొచ్చా, వైద్యం ఎక్కడ, ఆస్ట్రేలియాలో చిన్నప్పుడు సంస్థల్లో ఇలాంటివి పడ్డవాళ్ళకి ఇస్తున్నట్టు మన దగ్గర డబ్బిస్తారా అని అడిగారు.

నాది పర్లాకిమిడి. తొంభైల్లో నేనూ హాస్టల్లోనే చదివాను. నాకూ అదే జరిగింది. అందుకే తెలిసినదంతా రాస్తున్నాను.

ముందు వైద్యం. కేసు పెడతారో లేదో తేలేదాకా ఆగకండి. వైద్యానికి ఎఫ్ఐఆర్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అబ్బాయి విశాఖలోనే ఉన్నాడు కాబట్టి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇటు ఉంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. నేను మొదట ఒడిశాలోనే చూపించుకున్నాను. ఒడియాలో నాకు బజారు పనీ, ఆఫీసు పనీ అన్నీ జరిగిపోతాయి. ఆ ఒక్క విషయం మాత్రం ఒడియాలో నోరు దాటలేదు. విశాఖ వెళ్ళి తెలుగులో మొదలుపెట్టాక గానీ బయటికి రాలేదు. ఏ భాషలో ఏడవగలడో ఆ భాషలో చెప్పుకోనివ్వండి. ఓపీకి వెళ్ళడానికి జంకితే 14416కి ఫోన్ చేయమనండి. టెలీ మానస్ అంటారు, కేంద్రం 2022లో పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఈ జబ్బు నిద్ర దగ్గరే ఆగదు. నా విషయంలో ఇంట్లోవాళ్ళకి ముందు తెలిసింది పన్ను వల్ల. దవడ వాచిపోయినా పళ్ళ డాక్టర్ దగ్గరికి కదిలేవాణ్ణి కాదు. కుర్చీ వెనక్కి వాల్చి, ఒక మగమనిషి మొహం మీదకి వంగి నోట్లో చెయ్యి పెడితే నాకు ఊపిరాడేది కాదు. పిరికివాడినని అందరూ నవ్వేవారు. మానసిక వైద్యురాలికి చెబితే ఆవిడ నవ్వలేదు. చిన్నప్పుడు అలాంటివి పడ్డవాళ్ళకి ఇది మామూలే అని, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా కారణం చెప్పక్కర్లేదు, మూడు మాటలు అడిగితే చాలని నేర్పింది: ముట్టుకునే ముందు చెప్పండి, నేను చెయ్యెత్తితే ఆపండి, తలుపు కాస్త తీసి ఉంచండి. పళ్ళ డాక్టర్ ఎందుకని అడగలేదు. కుర్చీ పెద్దగా వాల్చకుండా, ప్రతి పనీ ముందే చెబుతూ పన్ను తీశాడు. మీ తమ్ముడు పంటి నొప్పో, మూలవ్యాధో, మరేదో దాచుకుని తిరుగుతున్నాడేమో మెల్లగా కనుక్కోండి. మాలాంటివాళ్ళం పరీక్షలంటే పారిపోతాం, చిన్న రోగాలు ముదిరిపోతాయి.

ఒక జాగ్రత్త. పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే శిక్ష ఉంది. డాక్టర్లకీ అది వర్తిస్తుంది. కాబట్టి హాస్టల్ పేరు, మనిషి పేరు చెప్పేముందే, "ఇది మీరు పోలీసులకి తెలియజేయాల్సి వస్తుందా?" అని అడగమనండి. కేసు పెట్టడమా మానడమా అన్నది అతను తేల్చుకోవాల్సిన విషయం. మీరు గానీ, అమ్మానాన్నలు గానీ తొందరపెట్టకండి.

కేసంటారా, గడువు దాటిపోలేదు. మూడేళ్ళకు మించి శిక్ష పడే నేరాలకి మన చట్టంలో కాలపరిమితి లేదు. పోక్సో 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది, మీవాడి సంగతి దాని తర్వాతది. హాస్టల్లో పనిచేసేవాడే చేస్తే దాన్ని తీవ్రమైన నేరంగా చూస్తారు. అత్యాచారమే అయితే అప్పటి చట్టం ప్రకారం కనీసం పదేళ్ళ జైలు. జరిగింది ఒడిశాలో అయినా విశాఖలో ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు, వాళ్ళే ఇటు పంపుతారు. "మా పరిధి కాదు, ఒడిశా వెళ్ళండి" అంటే ఒప్పుకోకండి. అతని పేరు, వివరాలు పత్రికల్లో రాకూడదు, రాస్తే నేరం.

పరిహారం కేసు ముగిసేదాకా ఆగక్కర్లేదు. ఎఫ్ఐఆర్ అయ్యాక ఏ దశలోనైనా ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించాలి. నిందితుడు దొరక్కపోయినా, కేసు కొట్టేసినా, నష్టం జరిగిందని కోర్టు నమ్మితే ఇవ్వొచ్చు. వైద్యానికైన ఖర్చు, మనసుకి జరిగిన హాని, చదువు పోవడం ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే ఓపీ చీటీ దగ్గర్నుంచి మందుల బిల్లు దాకా ఒక్క కాగితమూ పారేయకండి. వకీలు ఖర్చు భయమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు, మిగతా మగవాళ్ళలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు.

ఆస్ట్రేలియాలో 2018 జులైలో మొదలైన పథకం వేరు. అక్కడ కోర్టులో నేరం రుజువు కానక్కర్లేదు, జరిగి ఉండటానికి సహేతుకమైన అవకాశం ఉందనిపిస్తే చాలు. గరిష్ఠంగా లక్షా యాభై వేల డాలర్లు, కౌన్సెలింగ్, కోరుకుంటే ఆ సంస్థ నుంచి నేరుగా క్షమాపణ. ఐర్లండ్ 2002లోనే ఇలాంటి బోర్డు పెట్టింది. మన దగ్గర అలాంటిది లేదు. నన్ను పాడుచేసినవాడు చనిపోయాడు. చచ్చినవాడి మీద కేసు నడవదు. ఆ హాస్టల్ మాత్రం ఇంకా నడుస్తోంది. నాకు పైసా రాలేదు, క్షమించమన్న మాటా రాలేదు. ఇది తప్పు. మనిషి పోయినా సంస్థ ఉన్నప్పుడు అది జవాబు చెప్పాలి. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఇన్ని వేలమంది పిల్లలు పెరిగే మన జిల్లాలకి అలాంటి పథకం కావాలని నేను కలిసిన ప్రతి నాయకుడికీ చెబుతూనే ఉన్నాను.

మీవాడి విషయం అంత దూరం పోలేదు. ఈలోగా అతను ఆ హాస్టల్లో ఉన్నట్టు రుజువులు వెతకండి: టీసీ, మార్కుల జాబితా, అప్పటి గ్రూపు ఫోటో, మీ నాన్నగారు పంపిన మనియార్డర్ రసీదు, ఏదైనా సరే. ప్రభుత్వ హాస్టల్ అయితే ప్రవేశాల రిజిస్టర్ నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కారణం రాయనవసరం లేదు. రసీదు మాత్రం జాగ్రత్తగా ఉంచుకోండి.